నా కాలిని కొలిచిన ఉస్తాద్

మా ఉస్తాద్ చనిపోయిన కబురును బస్టాండు దాకా మోసుకొచ్చింది నేనే. అందుకే చాలాసేపు ఎవరూ నమ్మలేదు.

పొద్దున్నే ఆయన భార్య ఫోన్ చేసింది. నేను వదినె అని పిలిచే మనిషి. "తమ్మీ, మీ అన్న ఎంత లేపినా లేస్తలేడు" అన్నది. నేను వెళ్ళేసరికే డాక్టర్ వచ్చి, నిద్రలో గుండె ఆగిందని చెప్పి వెళ్ళిపోయాడు. తెలిసినవాళ్ళకు చెప్పి రమ్మని వదినె నన్నే పంపింది. ముందు బస్టాండు చాయ్ హోటల్ దగ్గర ఆగాను.

హోటలాయన నా మొహం వైపు కూడా చూడలేదు. "పొద్దుగాల్నే మొదలువెట్టినవా? మొన్న తనిఖీకి సార్లొస్తున్నరని చెప్పి నాతోని పాలగిన్నెలన్ని మంచం కింద దాపిచ్చినవ్."

"గీసారి నిజం."

"గప్పుడు గూడ గట్లనే అన్నవ్."

కళ్ళు తుడుచుకున్నాను. "యాక్షన్ మంచిగ నేర్చినవ్" అన్నాడు. చివరికి రోడ్డుకు అవతల ఉన్న ఉస్తాద్ షెడ్డు వైపు చెయ్యి చూపించాను. ఎండ ఎక్కినా షట్టర్ దించే ఉంది. ఆ షట్టర్ అంత పొద్దెక్కాక దించి ఉండటం ఆయన ఎన్నడూ చూడలేదు. అప్పుడు స్టవ్ కట్టేసి, భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

మీకు ఆయన ఎవరో చెప్పాలి. మర్రిగూడ నుంచి వెళ్ళే రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు, దాని ముందు నూనె తాగి నల్లబడ్డ నేల. అదే ఆయన దుకాణం. బండ్లు బాగుచేసేవాళ్ళు మా దగ్గర గల్లీకి ఇద్దరున్నారు. బండి మీద కూర్చునే మనిషి కాళ్ళ సంగతి పట్టించుకున్నవాడు ఆయన ఒక్కడే. మా బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎట్లా ఎముకలు బిగిస్తుందో మీకు తెలిసే ఉంటుంది. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, పిల్లల పళ్ళు తెల్లగా ఉంటున్నాయి. మా వయసు వాళ్ళ ఎముకల్లో మాత్రం పాత నీళ్ళే ఉన్నాయి. నడుము వంగినవాడు, మెడ తిరగనివాడు, మోకాలు ముడవలేనివాడు, అందరూ ఆయన షెడ్డుకే వచ్చేవాళ్ళు. సీటు ఎత్తు పెంచేవాడు. ఫుట్‌రెస్ట్ ముందుకు జరిపి కిందికి దించేవాడు. కాలితో తొక్కే బ్రేకును చేతికి తెచ్చేవాడు. వెనక చక్రం విప్పేసి రెండు చక్రాల ఇరుసు బిగించి, మూడు చక్రాల బండి చేసి ఇచ్చేవాడు.

నా బండి కూడా ఆయన చేతిలో మారిందే. నేను నారాయణపేట నుంచి చీరలు తెచ్చి మా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి అమ్ముతాను. కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్ మీదుగా పోవాలి, అదే దారిలో రావాలి. నా కుడి మోకాలు మొండికెయ్యడం మొదలుపెట్టినప్పుడు కల్వకుర్తి దాటేసరికి కాలు కట్టెలాగా అయ్యేది. బండి ఆపి, మైలురాయి పట్టుకుని, గొర్రెలు చూస్తుండగా కాలును చేత్తో దించుకునేవాణ్ణి. ఇట్లయితే ఈ తిరుగుడు మానాల్సిందేనని భయపడి ఆయన దగ్గరికి వెళ్ళాను.

ఆయన బండి వైపు చూడలేదు. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, కాలు ఎంత వంగితే అంత వంచమన్నాడు. పైన చూరులో వేలాడే ఉండ నుంచి నూలుపోగు తెంపి, తొడ మొదలు నుంచి మడమ దాకా పట్టి ముడి వేశాడు. వాళ్ళ నాయిన మగ్గం నేసినవాడు. టేపు లేదా అని అడిగాను.

"టేపు ఇనుముకు. మనిషి కాలుకు పోగే" అన్నాడు.

వారం రోజులు పట్టింది. ఫుట్‌రెస్ట్‌ను ఒక ఇనుప పట్టీ మీద బిగించి ముందుకు తెచ్చాడు. తొడ కింద ఫోము మందం చేశాడు, పిక్కకు ఆనుకునేట్టు చిన్న దిండు పెట్టాడు, పాదానికి ఇంజన్ అదురు తగలకుండా సైకిలు ట్యూబు ముక్కలు చుట్టాడు. మొదటిసారి నారాయణపేట వెళ్ళి తిరిగొచ్చాక, కాలు ఎట్లుంది అని అడిగాడు. కాలా, ఏ కాలు అన్నాను. సంబరపడిపోయాడు. "బండి మీద కాలు యాదికి రావద్దు తమ్మీ. యాదికొచ్చిందంటే నేను పని సక్కగ జెయ్యనట్టు" అన్నాడు. ఆ మాటలో మోసం ఉందని నాకు ఆ రోజు ఎట్లా తెలుస్తుంది?

అప్పటి నుంచి ఆయన షెడ్డు నాకు రెండో ఇల్లయింది. ఆయనను ఏడిపించడం నాకు పండగ. ఒకసారి ఆయన ఇంజన్ మొత్తం విప్పి, కడిగి, మళ్ళీ బిగించి, చేతులు తుడుచుకుంటున్నాడు. పరిచిన గోనె మీద ఒక కొత్త నట్టు పడేసి ఊరుకున్నాను. దాన్ని చూశాడు. ఇంజన్ వైపు చూశాడు. మళ్ళీ మొత్తం విప్పాడు. రెండోసారి బిగించాక ఇంకో నట్టు పడేశాను. అప్పుడు నా జేబు వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. "నట్టు మిగిల్తె ఫికర్ లేదు. తక్కువైతెనే మనిషి వోతడు" అని, ఆ రెండు నట్లూ డబ్బాలో వేసుకున్నాడు.

కానీ ఆ రోజు నుంచి నా బండి పని ఉన్నప్పుడల్లా నన్ను షెడ్డులో ఉండనిచ్చేవాడు కాదు. "నువ్వుంటె నట్లు పుడ్తయ్. పో, చాయ్ తాగిరా" అని పంపేవాడు. నేను నవ్వుకుంటూ పోయేవాణ్ణి. పంపే ముందు ఒకసారి పోగు పట్టి కాలు కొలిచేవాడు. మళ్ళీ ఎందుకు కొలత అంటే, "ఫోము దిగుతది, గదానికి" అనేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. నల్లగొండ దవాఖానలో ఎముకల డాక్టర్ నా మోకాలు చూసి ఒక మాట చెప్పాడు. "ఇప్పుడు ఇంత వంగుతోంది. ఇంకా తగ్గుతున్నట్టు అనిపిస్తే వెంటనే రావాలి, ఆలస్యం చెయ్యొద్దు." తగ్గుతున్నట్టు ఎట్లా తెలుస్తది సార్ అని అడిగాను. ఏదో ఒక గుర్తు పెట్టుకో, ఇంట్లో మెట్టో కుర్చీయో, అన్నాడు. మెట్టు, కుర్చీ నాకెందుకు, నా బతుకంతా బండి మీద ఉంటే? నా ఫుట్‌రెస్టే నా గుర్తు అనుకున్నాను. పాదం దాని మీద హాయిగా కూర్చున్నంత కాలం మోకాలు ఉన్నకాడనే ఉన్నట్టు. ఈ తెలివితేటలు ఉస్తాద్‌కు చెప్పి చాటుకున్నాను కూడా. ఆయన పానా తిప్పుతూ విన్నాడు. "మంచిదే" అన్నాడు. అంతే.

ఏళ్ళు గడిచాయి. నా పాదం ఫుట్‌రెస్ట్ మీద రాజులాగా కూర్చునే ఉంది. నేల మీద కూర్చోలేకపోయాను, వయసు అనుకున్నాను. బస్సు మెట్టు ఎక్కలేకపోయాను, బస్సుల మెట్లు ఎత్తు చేశారని తిట్టాను. మా పక్క మండలం నాంపల్లి దగ్గర ఒక ఊళ్ళో చీర చూస్తూ ఒక పెద్దమ్మ అన్నది, "ఏందయ్యా, నీ కాలు బండికన్న ముందుగాల వస్తాంది." "ముందుగాల వచ్చి మీ ఇల్లు యాడున్నదో చూస్తాందమ్మా" అని ఆమె నోరు మూయించాను. తిరిగొచ్చి ఉస్తాద్‌కు చెప్పి నవ్వాను. ఆయన నవ్వలేదు. పోగు తెంపుకుని దగ్గరికొచ్చాడు.

ఆయన పోయిన రెండు వారాలకు, చీరల మూటతో తిరిగొస్తుంటే ఫుట్‌రెస్ట్ బోల్టు వదులైంది. కల్వకుర్తిలో ఒక మెకానిక్ దగ్గర ఆపాను. కొత్త మనిషి. పట్టీ విప్పి వెలుతురులో పెట్టి చూశాడు, గోటితో రంగు గీకాడు, తర్వాత చాకుతో గీకాడు.

"అన్నా, గీ పని ఎవలు జేసిన్రు?"

"మా ఉస్తాద్. ఎందుకు?"

"ఎన్నిసార్లు జరిపిన్రు గిది?"

"ఒక్కసారి పెట్టిండు. ఎన్నడు జరపలే."

అతను పట్టీని నా చేతికిచ్చాడు. నల్లరంగు కింద వరసగా పసుపుపచ్చ చుక్కలున్నాయి. ఇత్తడి కరిగించి పూడ్చి, ఆకురాయితో నున్నగా రాసి, మీద రంగు వేసిన తూట్లు. వేలు పెట్టి లెక్కపెట్టాను. పూడ్చినవి ఆరు. బోల్టు ఉన్నది ఏడోది. ఒక్కొక్కటీ ముందుదాని కంటే ముందుకు.

నేను చాయ్ తాగి వచ్చేలోపు ఆయన చేసిన పని అది. టేపు పెడితే అంకె కనబడుతుంది, అంకె చూస్తే నేను అడుగుతాను. పోగుకు అంకె ఉండదు. నా మోకాలు వంగడం తగ్గిన ప్రతిసారీ నా ఫుట్‌రెస్ట్‌ను ముందుకు జరిపాడు. నేను ఊరంతటినీ ఆటపట్టించేవాణ్ణి కదా. నన్ను ఆరుసార్లు ఆడించిన మనిషి ఒక్కసారి కూడా పెదవి కదపలేదు.

నల్లగొండకు వెళ్ళాను. డాక్టర్ కాలు పట్టుకుని వంచి చూసి, "ఇన్నాళ్ళు ఏం చేశావయ్యా?" అన్నాడు. ఫుట్‌రెస్ట్ సంగతి చెప్పడానికి సిగ్గేసింది. "ముందే వస్తే కొంత నిలబెట్టేవాళ్ళం. పోయినది ఇక రాదు. ఉన్నది పోకుండా చూసుకో" అని కసరత్తు రాసిచ్చాడు. ఇంటికొచ్చి మంచమెక్కాను. బండిని పందిరి కింద తోసి గోనెపట్టా కప్పాను. పది రోజులు దాని మొహం చూడలేదు. నారాయణపేట నుంచి చీరలు తయారని ఫోన్ వస్తే, ఇంకెవరికన్నా ఇచ్చుకోండి అన్నాను.

పదకొండో రోజు కొడుకు బండి మీద దింపించుకుని, వదినె దగ్గరికి వెళ్ళాను. పరామర్శకు కాదు, కొట్లాటకు. నా బండి నుంచి విప్పి తెచ్చిన పట్టీని ఆమె ముందు పెట్టాను.

"గిది నీకు ఎరికేనా వదినె?"

దాన్ని చూసింది. కొంగుతో మూతి తుడుచుకున్నది. "ఎరికే."

"మరి నువ్వన్న చెప్పకపోతివి?"

"అడిగిన తమ్మీ. పిలగానికి ఎందుకు దాస్తున్నవ్, పాపం గాదా అన్న. 'చెప్తె బండి దిగుతడు. వాడు దిగిండంటె మళ్ల ఎక్కడు. మా అన్న గట్లనే మంచం మీద గూసున్నడు, గూసున్నోడు గూసున్నట్టే వోయిండు' అన్నడు."

"నా కాలు సంగతి నేను జూసుకునేది గదా. ఆయన ఎవలు?"

"గా మాట గూడ అన్న."

"ఏమన్నడు?"

"అన్నం తిని షెడ్డుకు వోయిండు."

నా దగ్గర తిట్లు చాలా ఉన్నాయి. అన్నీ ఆయన కోసం తెచ్చుకున్నవే. ఆమె ముందు ఒక్కటీ రాలేదు. పది రోజులుగా నేను మంచం దిగలేదన్న సంగతి కూడా ఆమెకు చెప్పలేదు. చెబితే ఆయన మాటే నిజమైనట్టు అవుతుంది. ఆ మనిషికి అంత సులువుగా గెలుపు ఇవ్వాలని నాకు లేదు.

నేను ఆయనను క్షమించానని ఎవరైనా అనుకుంటే తప్పు. ఆయన చేతి వల్ల ఇన్నేళ్ళు నారాయణపేట దారిలో నొప్పి లేకుండా తిరిగాను, ఇల్లు గడిచింది, అది నిజం. నా ఒంట్లో జరిగేది నాకు తెలియకుండా చేశాడు, అదీ నిజమే. దండం పెట్టాలంటే చెయ్యి లేస్తుంది, మధ్యలోనే ఆగిపోతుంది. బతికుండగా చెప్పి ఉంటే నాలుగు తిట్టి, ఒక వారం అలిగి, మళ్ళీ చాయ్‌కి పోయేవాణ్ణి. ఆ వారం కూడా నాకు మిగల్చలేదు.

మరునాడు గోనెపట్టా తీసి, బండిని కల్వకుర్తి మెకానిక్ దగ్గరికి ఆటోలో వేయించుకుని వెళ్ళాను. అతను టేపు తీసి కొలిచి, అంకె పైకి చదివాడు. "ఇంకో అంగుళం ముందటికి గావాలె అన్నా" అన్నాడు. పక్కనే కూర్చుని చూశాను. ఎవరూ నన్ను చాయ్‌కి పొమ్మనలేదు. డ్రిల్లు కింద నుంచి ఇనుపరజను నా చెప్పు మీద పడింది.

"పాత తూటు పూడ్చి రంగెయ్యాల్నా?"

"ముట్టకు. గట్లనే ఉండనియ్యి."

జడ్చర్ల దారి పట్టాను. బండి ఎక్కినప్పటి నుంచి కాలు యాదికొస్తూనే ఉంది. ఎండ పక్క నుంచి కొడుతోంది. కిందికి చూస్తే కుడి పాదం వెనకగా, పట్టీలో పూడ్చని పాత తూటు, వేలు దూరేంత ఖాళీ. అందులో నుంచి రోడ్డు వెనక్కి పోతూ కనిపించింది. నలుపు, నలుపు, ఒక తెల్ల గీత, మళ్ళీ నలుపు.