నేను అర్థం చెప్పిన తుళు పాట

ఆ రోజుల్లో ఎవరూ వినని పాటను అందరికన్నా ముందు వినడమే నాకు అసలు ఉద్యోగం. జీతం ఇచ్చే ఉద్యోగం వేరే ఉండేది, తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన ఒక కొరియర్ ఆఫీసులో. వచ్చిన పార్సిళ్లను వీధులవారీగా వేరు చేస్తా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకోని, యాడో కొండల్లో, యాడో సముద్రం పక్కన డప్పుకీ గిటారుకీ ముడిపెట్టి పాడే చిన్నచిన్న బ్యాండ్లను వెతుక్కుంటా ఉండేవాణ్ణి. నలుగురి నోళ్లలో నానిన పాటంటే నాకు చిన్నచూపు. (స్నానం చేసేటప్పుడు పాడుకునేది మాత్రం వాటినే.) ఆఫీసులో నా పేరు ఎప్పుడో పోయి 'చెవులాయన' అనే పేరు మిగిలింది. అది పొగడ్త అనే అనుకునేవాణ్ణి.

నా మాట వినే అభిమానులు ఇద్దరు. ఒకడు స్పీకరు. నా ఈడువాడే, డెలివరీ బండి తోలేవాడు, బండి ముందర చిన్న స్పీకరు కట్టుకోని ఊరంతా తిరిగేవాడు, అందుకే ఆ పేరు. రెండో ఆమె తాళం అక్క, మా సీనియరు. ఏ పాట పెట్టినా చేతికందిన పార్సిలు మీద వేళ్లతో తాళం వేసేది, 'గాజు సామాను, జాగ్రత్త' అని రాసుండే వాటి మీద కూడా. ముగ్గురికీ కలిపి ఫోనులో ఒక గ్రూపు, దాని పేరు 'వినండప్పా'. దినామూ టీ వేళకు నేను ఒక కొత్త బ్యాండును తెచ్చి పెట్టేవాణ్ణి. వాళ్లు విని "బాగుండాది" అంటే నాకు చాలేది కాదు. ఆ బ్యాండు వాళ్లది ఏ ఊరు, ఆ పాటకు అర్థమేమి అని చిన్న ఉపన్యాసం ఇస్తేగానీ టీ దిగేది కాదు. తెలిసింది చెప్పేవాణ్ణి, తెలియంది ఇంకా బాగా చెప్పేవాణ్ణి.

అట్లా ఒక దినం మంగళూరు పక్క నుంచి ఒక బ్యాండు దొరికింది. పాట తుళులో. డోలు మీద ఒక ముసలామె గొంతు, "కోరీ... మగా..." అని మళ్లీమళ్లీ పిలుస్తాది. వింటే గుండె పిండినట్టుంటాది. తాళం అక్క కూడా తాళం ఆపేసి, "ఏమప్పా, అంతగా ఏడస్తాండాదే, ఏమంట ఆమె కష్టం?" అని అడిగింది.

నాకు తుళు ఒక్క ముక్క రాదు. రాదని చెప్పుంటే ఈ కథే లేదు. "కోరి అంటే మన కోరడమే అక్కా. మగా అంటే కూతురు, అరవంలో మగళ్ అంటారు గదా. కోరి వచ్చినవాడికి కూతుర్ని అప్పగిస్తా తల్లి ఏడ్చే పాట ఇది" అన్నాను. అక్క కొంగుతో కండ్లు తుడుచుకునింది. నేను కూడా తుడుచుకున్నాను, నేను చెప్పిన అర్థం నాకే అంత బాగా నచ్చింది.

నెల తిరక్కుండానే చంద్రగిరిలో స్పీకరు వాళ్లక్క పెండ్లి వచ్చింది. "అప్పగింతలకు ఆ తుళు పాటే పెడతానబ్బా" అన్నాడు వాడు. అర్థం నేను అల్లిందేనని అప్పుడే చెప్పాల్సింది గానీ, ఎవరూ వినని పాట మండపంలో మోగుతాదన్న సంతోషం నా నోరు కట్టేసింది. వాళ్ల నాయన మాత్రం నన్ను పక్కకు పిలిచినాడు. ఆయన శెనక్కాయల రైతు, తక్కువ మాటల మనిషి. "సూడప్పా, నువ్వు సదువుకున్నోడివి. మంచి పాటే గదా? పెండ్లికొడుకోళ్లు సూళ్లూరుపేట వాళ్లు, కొత్త సంబంధం. వాళ్ల ముందర తలవంపు రాకూడదు" అన్నాడు.

"మంచి పాట పెదనాయనా. ఆ పక్క తల్లులంతా ఇదే పాడతారు" అన్నాను, ఆ పక్కకు ఎన్నడూ పోనివాణ్ణి.

పెండ్లి బాగా జరిగింది. భోజనాలైనాక, పెండ్లికూతురి చేతులు పాలపళ్లెంలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టే వేళకు స్పీకరు పాట మొదలుపెట్టినాడు. "కోరీ... మగా..." అని ఆ గొంతు లేచేసరికి మండపంలో ఒక్క కన్ను పొడిగా లేదు. పెదనాయన స్తంభానికి తల ఆనించి భుజాలు అదిరేట్టు ఏడస్తాండాడు. అందరికీ వెనకాల నిలబడి, ఆ కన్నీళ్లన్నీ నావే అన్నట్టు చూసుకుంటా ఉండినాను.

అప్పుడు వంటశాల తలుపు తోసుకోని వంట మాస్టరు బయటికి వచ్చినాడు. బనియను, భుజం మీద తువ్వాలు, చేతిలో సాంబారు గరిటె. పరుగున వచ్చి స్పీకరుగాడి ముందర నిలబడి, కండ్లలో నీళ్లు కారతాంటే పకపకా నవ్వతాండాడు. స్పీకరు పాట ఆపేసినాడు.

"ఏమప్పా, నా బిడ్డ పోతాంటే నీకు నవ్వులాటగా ఉండాదా?" అన్నాడు పెదనాయన.

"లేదు సామీ, లేదు. మాది మంగళూరు. చిన్నప్పుడు మా అమ్మ పాడిన పాట ఇది. ఇన్నేండ్లకు ఈడ విన్నాను. కోడి పాట."

"కోడి పాటా?"

"తుళులో కోరి అంటే కోడి సామీ. మగా అంటే కొడకా అని. పందెంలో పుంజు ఓడిపోయింది. గెలిచినోడు దాన్ని ఎత్తుకుపోయి కూర వండుకున్నాడు. కొడకా, కొడకా అని ముసలామె ఏడస్తాది."

మండపమంతా మెల్లగా నా వైపుకు తిరిగింది. తాళం అక్క కొంగు కండ్ల దగ్గరే ఆగిపోయింది. బయటికి పోయేందుకు ఉండేది రెండు తలుపులు. ఒకదాని దారిలో పెండ్లికొడుకోళ్లు, ఇంకోదాని దారిలో పెదనాయన.

"ఆ పక్క తల్లులంతా పాడతారంటివే" అన్నాడాయన.

"కోళ్లు పెంచే తల్లులు, పెదనాయనా" అన్నాను.

పాలపళ్లెం దగ్గర పెండ్లికూతురు తల వంచుకోని వణికిపోతాంది. ఏడస్తాందని వాళ్లత్త వీపు నిమరతాంది. తల ఎత్తినాక తెలిసింది, ఆమె నవ్వు ఆపుకోలేక చస్తాంది. ఆమెను చూసి అత్త, అత్తను చూసి ఆ వరసంతా. పెదనాయన మాత్రం నవ్వకుండా మాస్టరునే చూస్తా, "ఆ ముసలామె మళ్లా ఏం జేసింది?" అని అడిగినాడు.

"గెలిచినోడి ఇంటికి పోట్లాటకు పోతాది సామీ. వాళ్లు మర్యాదగా ఆకేసి కూర్చోబెడతారు. ఏడ్చుకుంటానే తింటాది. కూర బాగుండాదని రెండోసారి పెట్టించుకుంటాది."

అప్పుడు నవ్వినాడు పెదనాయన. తువ్వాలుతో మొగం కప్పుకోని, దగ్గొచ్చేదాకా నవ్వినాడు. వియ్యపురాలు కండ్లు తుడుచుకుంటా, "అన్నా, మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఆకేసి కూర్చోబెడతాం. ఏడ్చుకుంటా మాత్రం రాబాకండి" అనింది. మాస్టరు గరిటెతో గిన్నె మీద దరువేసి పాటను మొదటి నుంచీ పాడినాడు. అత్తగారింటికి పోయే పిల్ల కారెక్కేదాకా నవ్వతానే ఉండింది.

మరుసటి దినమే మాస్టరును గ్రూపులో చేర్చుకున్నాము. నేను పెట్టే బ్యాండ్లన్నీ వినేవాడు గానీ, వాటికన్నా తన గొంతుతో పాడి పంపే పాటలే అందరికీ ఎక్కువ నచ్చేవి. నాకు రవ్వంత కుళ్లుగానే ఉండేది.

ఇప్పుడు నేను చిత్తూరులో వేరే ఉద్యోగంలో ఉండాను. కండ్లద్దాలు వచ్చినాయి, గ్రూపులో మనుషులు పెరిగినారు, పాటకు అర్థం కావాలంటే ఫోను అడిగితే చెప్పేస్తాది. మొన్న ఈశాన్యం కొండల నుంచి ఒక బ్యాండు దొరికింది, ఆ భాష ఫోనుకు కూడా తెలీదు. వెదురు పిల్లనగ్రోవి మీద ఒకాయన ఎవరినో పిలుస్తా ఉంటాడు. గ్రూపులో పెడతా, 'కొండ దిగి పోయిన తమ్ముణ్ణి అన్న పిలిచే పాట' అని రాసినాను. రాసి, చూసుకోని, చెరిపేసి, 'అర్థం తెలీదు, వినండి' అని పంపినాను. పంపినాక చాలాసేపు ఆ కొండ, ఆ తమ్ముడు కండ్ల ముందరే ఉండినారు. కొరియర్ ఆఫీసులో ఉండిన ఆ చెవులాయనకైతే ఆ తమ్ముడి పేరు కూడా తెలిసుండేది.