మూడో గొట్టం

పోయిన నెలలో ఒక శుక్రవారం ఉదయం మా పై అంతస్తు పెద్దాయన పోయారు. కూతురు టీ తీసుకెళ్లి పిలిస్తే పలకలేదట. బాల్కనీలో కుర్చీలోనే ఉన్నారు, కళ్లజోడు కూడా తియ్యలేదు. ఆవిడ కిందికొచ్చి మా తలుపు కొట్టి, "నాన్న లేవట్లేదే" అంది. నేను పైకి పరుగెత్తేసరికి చేతులు చల్లబడిపోయాయి. తొంభై ఒకటో ఏడు నడుస్తోంది కాబట్టి అనుకోని చావని ఎవరూ అనలేరు. అయినా ఆ రోజు నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. అపాయాన్ని అపాయమని చెప్పే మనిషి మా బిల్డింగులో ఇక లేరు.

నేను బహ్రెయిన్ వచ్చి పదకొండేళ్లు. సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటు ఒకటి హిద్‌లో ఉంది. అందులో నీళ్లు పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం. నయీమ్‌లో ఒక పాత బిల్డింగులో రెండో అంతస్తు మాది. మూడో అంతస్తులో ఆయన కూతురూ అల్లుడూ, వాళ్లతో ఆయన. నేను బాబాయి గారు అనేదాన్ని. ఆయన నన్ను "అమ్మాయ్" అనేవారు.

విశాఖపట్నం వైపు మనిషి. కుర్రతనంలో ఓడలు కట్టేచోట వెల్డింగ్ నేర్చుకున్నారు. మన దేశంలో తొలి ప్రయోగ రియాక్టర్లు కడుతున్న రోజులవి. పడమటి తీరాన కడుతున్న ఒకదానికి అల్యూమినియం అతకగల చెయ్యి కావాలంటే, ఇరవై ఒకటో ఏట ఈయన్ని పంపారు. అక్కడ ఇరవై ఏళ్లు పనిచేశారు. తర్వాత గల్ఫ్‌కి మనుషులు కావాలన్నప్పుడు ఇక్కడి ఓడల మరమ్మతు యార్డుకి వచ్చేశారు. అరవై నిండాక ఇంటికి వెళ్లిపోయి, భార్య పోయాక మళ్లీ కూతురి దగ్గరికి ఇదే దీవికి చేరారు.

ఆయనకొక అలవాటు ఉండేది. ఏ లోహపు వస్తువు కనబడినా, ముందు దాని అతుకు మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా జరిపేవారు. మా కుక్కర్ పిడి, మెట్ల కమ్మీ, కింద గేటు, దేన్నీ వదిలేవారు కాదు. గేటుకి అతుకు ఒకచోట విడుతోందని వాచ్‌మన్‌కి నాలుగుసార్లు చెప్పారు. అయిదోసారి తానే కుర్చీ వేసుకుని గేటు పక్కన కూర్చున్నారు, వెల్డర్ వచ్చేదాకా కదలనని. జూలై ఎండలో రెండు గంటలు కూర్చున్నారు. వెల్డర్ వచ్చాక, అతను పనిచేస్తున్నంతసేపూ నల్లద్దం లేని తన కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటూ ఉన్నారు. "చప్పుడు తెగకుండా ఉంటే అతుకు బాగున్నట్టు అమ్మాయ్. తెగిందంటే అక్కడేదో దాచేస్తున్నట్టే" అన్నారు.

పోయిన వేసవిలో సముద్రానికి అవతల యుద్ధం మొదలైంది. అవతలి ఒడ్డునే ఒక అణు విద్యుత్ కేంద్రం ఉందని అంతవరకూ మా బిల్డింగులో చాలామందికి తెలియదు. తెలిశాక అందరికీ ఒకటే దిగులు. మేం తాగేది ఆ సముద్రాన్నే. జిదాఫ్స్ మార్కెట్లో నీళ్ల డబ్బాలు మధ్యాహ్నానికే అయిపోయేవి. ఫోన్లలో ఎవరికి తోచింది వాళ్లు పంపుకునేవారు. ఒకడు అయోడిన్ తాగమన్నాడు, ఇంకొకడు ఉప్పు నీళ్లతో స్నానం చేయమన్నాడు.

ఆయన ఒకప్పుడు రియాక్టరు దగ్గర పనిచేశారని అందరికీ తెలుసు. ఒక సాయంత్రం కింద హాల్లో పదిమంది చేరి ఆయన్ని దింపుకొచ్చారు. మా వాచ్‌మన్ జగిత్యాల వైపు మనిషి. దుబాయికి వచ్చి ఇరవై ఏళ్లయిందని చెప్పుకుంటాడు, అతనికి గల్ఫ్ అంతా దుబాయే, కానీ ఉన్నదంతా బహ్రెయిన్‌లోనే. అతనే ముందు అడిగాడు.

"పెద్దయ్యా, గా అవుతల అణుదాని మీద బాంబు పడ్డదనుకో. మనం గిట్ల కూసున్నకాడనే పోతమా?"

"పోము. రియాక్టరు బాంబులా పేలదు. కానీ పగిలితే లోపలున్న విషం బయటపడుతుంది. కొంత గాలిలో వస్తుంది, కొంత నీళ్లలో."

"అయితే మనకేం గాదంటవా?"

"ఏం కాదని నేననను నాయనా."

ఒకావిడ బిడ్డను దగ్గరికి లాక్కుంది. ఆయన మాత్రం ఆగకుండా, ఏం చెయ్యాలో ఒక్కొక్కటీ చెప్పారు. కబురు వస్తే కిటికీలు మూసెయ్యాలి, ఏసీ ఆపెయ్యాలి, ముందే పట్టి మూతపెట్టుకున్న నీళ్లే తాగాలి, బయటి బట్టలు గుమ్మంలోనే వదిలెయ్యాలి. అయోడిన్ మాత్రలు సర్కారు చెప్తే తప్ప మింగొద్దన్నారు. అందరూ వెళ్లాక అల్లుడు నా ముందే విసుక్కున్నాడు.

"మావయ్యగారూ, పిల్లల తల్లులండీ వాళ్లు. ఏం కాదని ఒక్కమాట అనేస్తే ఏం పోయింది?"

"ఆ ఒక్కమాట ఒకసారి అన్నాను బాబూ. చాలు" అన్నారాయన.

ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ నేరుగా పైకి వెళ్లాను. బాల్కనీ కమ్మీకి ఒక గుడ్డపేలిక కట్టుకుని గాలి ఎటు వీస్తోందో చూస్తున్నారు. వాయవ్యపు గాలి ఆ కేంద్రం మీదుగా ఇటు రాదు, అది వీస్తున్నన్నాళ్లూ కొంత నయమన్నారు. "గాలి సంగతి ఈ గుడ్డ చెప్తుంది. నీటి సంగతి ఎవరు చెప్తారు? నువ్వే చెప్పాలి" అని నవ్వారు. అప్పుడు అడిగాను, ఆ ఒక్కమాట ఏమిటని. గుడ్డ ముడి బిగించి, చెప్పడం మొదలుపెట్టారు.

వాళ్లు కట్టిన రియాక్టరు ఒక లోతైన నీళ్ల తొట్టి. చుట్టూ మందపాటి కాంక్రీటు గోడ, నీటి అడుగున ఇంధనం. ఆ నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి, ఆ నీళ్లే దాని కిరణాల నుంచి మనుషుల్ని కాపాడతాయి. ప్రయోగాల కోసం తొట్టి లోపలి నుంచి గోడ బయటికి అల్యూమినియం గొట్టాలు పెట్టారు. వాటి అతుకు విడితే తొట్టి నీళ్లు అక్కడినుంచే పోతాయి. వాటిలో మూడింటి అతుకులు ఆయన వేసినవే. మూడో గొట్టం అతుకుతుండగా ఎవరో షెడ్డు తలుపు తీశారు. గాలి లోపలికి కొట్టింది. అల్యూమినియం అతికేటప్పుడు ఒక వాయువు కమ్ముకుని ఉండాలి, లేకపోతే లోహం చెడుతుంది. క్షణంసేపు ఆ వాయువు చెదిరింది. చప్పుడు తెగింది. ఆయన ఆ చోటు మీద ఇంకొక వరస వేసి కప్పేశారు.

ఎక్స్‌రే తీస్తే ఫిల్ములో వెంట్రుకంత నీడ కనబడింది. లోపల గాలి నింపి చేసే సబ్బునీళ్ల పరీక్షలో మాత్రం ఒక్క బుడగా రాలేదు. కాంక్రీటు పొయ్యడానికి కూలీలు తట్టలతో నిలబడి ఉన్నారు. పెద్ద ఇంజనీరు ఫిల్మును వెలుతురుకేసి పట్టుకుని, "గీత పడినట్టుంది. చేసినవాడివి నువ్వు. నీకేమనిపిస్తోంది?" అని అడిగాడు.

"అంత పెద్దవాడు నన్ను అడిగాడమ్మాయ్. ఇరవై ఒక్కేళ్లవాణ్ణి. 'బాగానే ఉందండి, ఏం కాదు' అన్నాను. సాయంత్రానికి మూడు గొట్టాలూ కాంక్రీటులో కలిసిపోయాయి. ఇంక వాటి మొహం ఎవడూ చూడలేడు."

రియాక్టరు మొదటిసారి నడిచిన రోజున అందరూ తొట్టి పైన చేరి, నీటి అడుగున పుట్టిన నీలి వెలుగును చూసి చప్పట్లు కొట్టారట. ఈయన కింద, గోడ దగ్గర నిలబడ్డారు. మూడో గొట్టం గోడలోంచి బయటికొచ్చే చోట చెమ్మ తగులుతుందేమోనని అరచెయ్యి ఆనించి చూశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లూ రోజూ అదే పని. పెళ్లి సెలవు నుంచి ఒకరోజు ముందే వచ్చేశారట, గోడ తడిగా ఉన్నట్టు కల వచ్చిందని. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఉద్యోగం పోతుందని మొదట్లో భయపడ్డారు. తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారేమోనన్న భయం పట్టుకుంది.

"ఒక్క చుక్క రాలేదు. అయినా గల్ఫ్‌కి విమానం ఎక్కినప్పుడు, పాలు పొయ్యి మీద పెట్టి ఇల్లు వదిలి వచ్చినట్టే ఉంది నాకు."

ఆ వారంలోనే నాకూ అలాంటి రోజు ఒకటి ఎదురైంది. సముద్రంలోంచి వచ్చే నీళ్లకు మేం రేడియేషన్ పరీక్ష మామూలుకంటే ఎక్కువసార్లు చేస్తున్నాం. ఒక మధ్యాహ్నం మీటరు మామూలుకంటే కాస్త ఎక్కువ చూపించింది. ప్రమాదం అనేంత కాదు. మా షిఫ్ట్ సీనియర్ పన్నెండు గంటలుగా కుర్చీ దిగలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మిషన్ వేడెక్కింది. మామూలే అని రాసెయ్, ఖలాస్" అన్నాడు. పెన్ను నా చేతిలోనే ఉంది.

"నాకు అనుమానంగా ఉంది సార్. మళ్లీ తీద్దాం" అన్నాను.

అతను నా మొహంలోకి చూసి కుర్చీ జరిపి దారిచ్చాడు. కొత్త సీసాలో పట్టి మళ్లీ చేస్తే అంతా మామూలుగానే వచ్చింది. మొదటి సీసా సరిగా కడగలేదు, కడగాల్సింది నేనే. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ సాయంత్రం బాబాయి గారికి చెప్తే మెచ్చుకుంటారనుకున్నాను.

"రెండోసారి ఎక్కడ పట్టావు?"

"మొదట పట్టిన చోటే బాబాయి గారూ."

"ఇంకొక చోట కూడా పట్టాల్సింది" అన్నారు.

కొన్నాళ్లకు యుద్ధం ఆగింది. గుడ్డపేలిక విప్పేశారు. కానీ ఆయనలో ఏదో కదిలిపోయింది. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి అడిగారు. ఆ రియాక్టరు ఎప్పుడో ఆపేశారు, విప్పేసి ఉంటారు, ఆ గొట్టాలు బయటపడే ఉంటాయి. మూడోదాని అతుకు ఎలా ఉందో కనుక్కోగలవా?

నా కాలేజీ సీనియర్ ఒకామె ద్వారా రెండు నెలలు తిరిగి, విప్పినప్పుడు అక్కడున్న ఒక ఇంజనీరు ఆచూకీ దొరికింది. ఆయనా రిటైరైపోయారు. ఉన్నది ఉన్నట్టు రాశాను, ఆ తలుపు గాలితో సహా. పదిరోజులకు ఆయనే ఫోన్ చేశారు. బాబాయి గారు చెవి దగ్గర పెట్టుకోలేనంటే, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాను. కూతురు కూడా వచ్చి తండ్రి వెనక నిలబడింది.

"మీ మూడో గొట్టం నాకు బాగా గుర్తుందండీ. అతుకులన్నీ కోసి చూశాం. దానిలో లోపం లేదు. ఇంకో యాభై ఏళ్లున్నా ఏమయ్యేది కాదు."

కూతురు తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన కళ్లు మూసుకున్నారు. డెబ్బై ఏళ్ల బరువు దిగుతున్న మొహం ఎలా ఉంటుందో ఆ ఒక్క నిమిషం చూశాను. అవతలి ఆయన ఆగలేదు.

"మాకు గుండె ఆగిపోయింది రెండోదాన్ని చూసినప్పుడండీ. అతుకు కాదు. పచ్చి కాంక్రీటు తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది కదా, అందుకని పైన పూత పూస్తారు. రెండోదానికి ఒకచోట పూత తప్పింది. బయట నుంచి తినుకుంటూ వచ్చి కాగితమంత మందం మిగిలింది. ఎలా ఆగిందో దేవుడికి తెలియాలి."

ఫోన్ పెట్టేశాక ఆయన బల్ల అంచు మీద బొటనవేలు జరుపుతూ అన్నారు.

"రెండోది మూడడుగుల దూరం అమ్మాయ్. రోజూ దాని ముందు నుంచే నడిచి వెళ్లి మూడోదాని దగ్గర నిలబడేవాణ్ణి."

"మీ తప్పేం లేదు కదా నాన్నా. అతుకు మంచిదన్నాడు కదా" అంది కూతురు.

"పూత ఎవరు పూశారు?" అన్నారాయన. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. "అతికినవాడే పూసేవాడో, వేరేవాళ్లు పూసేవాళ్లో. నేనే పూశానేమో. నాకు గుర్తు లేదు. మూడోదాని గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను, రెండోదాని రోజు ఏమీ గుర్తు లేదు."

ఆ కబురు తేకపోతేనే బాగుండేదని చాలా రాత్రులు అనుకున్నాను. ఆ మాట కూతురితో అంటే, ఆవిడ తల అడ్డంగా తిప్పింది. "చెప్పకుండా దాస్తే నాన్న నీ మొహం చూసేవారు కాదు" అంది. దాచకూడదని నాకు నేర్పింది కూడా ఆయనే. ఈ దీవిలో నేను సంతకం పెట్టే ప్రతి కాగితం దగ్గరా ఆయన చేయి ఉంది. అనుమానం ఉంటే అనుమానమని రాస్తాను. అనుమానం లేని చోట కూడా ఒక సీసా పడతాను. అందుకు ఆయనకు ఎంతో రుణపడ్డాను. దానివల్ల సుఖంగా నిద్రపడుతుందని మాత్రం చెప్పలేను.

ఫోన్ వచ్చిన వారానికి, సముద్రం చూడాలన్నారు. అల్లుడు కారు తీశాడు, నేనూ వెళ్లాను. హిద్ దాటి, రాళ్లూ ఇసుకా కలిసిన ఒడ్డున ఆపాం. పొద్దు వాలుతోంది. దూరంగా రేవు క్రేన్లు, అటు తిరిగి ఒక ఓడ. ఆయన మాతో ఏమీ అనకుండా, చెప్పులతోనే నీళ్లలోకి నడిచారు. చీలమండల లోతున ఆగి, వంగి, అరచెయ్యి నీటి మీద ఆనించి ఉంచారు. తర్వాత నిటారుగా నిలబడి అవతలి ఒడ్డుకేసి తిరిగారు. ఒడ్డేమీ కనబడదు, పల్చటి దుమ్ము తెర తప్ప. అలలు మోకాళ్ల దగ్గరికి వస్తున్నాయి. పంచె తడిసి కాళ్లకు అంటుకుంది.

"బాబాయి గారూ, ఇంక వచ్చేయండి" అని పిలిచాను.

ఆయన వెనక్కి తిరగలేదు. ఒక్క నిమిషం ఆగమన్నట్టు చెయ్యి మాత్రం పైకెత్తి, అలాగే నిలబడ్డారు.