నాయన సగం సరిచేసిన తెడ్డు

ఆ రోజుల్లో నేను ఏ విషయాన్నీ ఒక పట్టాన తేల్చుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో అదొక గొప్ప గుణమని నా నమ్మకం. తొందరపడని మనిషినని, అన్నీ ఆలోచించి గానీ అడుగు వేయనని నాలో నేనే మురిసిపోయేవాణ్ణి. హోటల్లో దోసె చెప్పాలా పూరీ చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగానే సర్వరు పక్క బల్లవాళ్లకు టిఫిను పెట్టి, కాఫీ ఇచ్చి, బల్ల కూడా తుడిచి వెళ్లిపోయేవాడు. చెప్పుల అంగట్లో కుడికాలికి ఒక రకం, ఎడమకాలికి ఇంకో రకం తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ నడిచి, చివరికి ఏదీ కొనకుండా పాత చెప్పులతోనే ఇంటికొచ్చిన రోజులున్నాయి. "వీడికి పెండ్లి చేయాలంటే పిల్లను మనమే సూసి, తాళి కూడా మనమే కట్టాల్సొస్తాది" అని మా అమ్మ పక్కింటావిడ దగ్గర వాపోయేది. (తాళి మాత్రం నేనే కట్టాను. ముహూర్తం దాటిపోతుందని పురోహితుడు రెండుసార్లు హెచ్చరించిన మాట నిజమే.)

మాది తిరుపతిలో పాత్రల అంగడి. మా తాత పెట్టాడు, నాయన పెంచాడు, నేను ముంచకుండా చూసుకుంటే చాలని ఇంట్లో అందరూ అనుకునేవాళ్లు. మా అంగడికి ఒక ఆచారం ఉంది. లారీలో వచ్చిన బిందెలూ గుండిగలూ ఎంత జాగ్రత్తగా కట్టినా దారిలో ఒకదానికొకటి తగిలి కొన్ని సొట్టలు పడతాయి. మిగతా అంగళ్లవాళ్లు వాటిని సొట్ట వైపు గోడకు తిప్పి పేర్చి, అదృష్టం ఎవరిదైతే వాళ్లకు అంటగట్టేవాళ్లు. నాయన మాత్రం అలాంటివన్నీ ఏరి పక్కన పెట్టి, దీపాలు పెట్టేవేళకు కొయ్య సుత్తి పట్టుకుని వెనక గదిలో కూర్చునేవాడు. ఒక్కో సొట్టనూ లోపలినుంచి మెల్లగా తట్టి తట్టి, వేలితో తడిమి చూసి, తృప్తి పడితేనే లేచేవాడు. వంకరగా ఉన్నదేదీ మా గడప దాటి బయటికి పోకూడదు. ఆ టకటక వింటూనే నేను పెరిగాను, పరీక్షలకు చదివాను, కొన్ని తప్పాను.

డిగ్రీ అయిపోయిన ఏడాది స్నేహితులతో కలిసి ఊరి బయట కొండల నడుమ ఉన్న రిజర్వాయరుకు పోవడంతో నా బతుకు మలుపు తిరిగింది. అక్కడ కొత్తగా పడవల కేంద్రం పెట్టారు. నిర్వాహకుడు ఎండైనా వానైనా తెల్ల టోపీ తీయడు కాబట్టి అందరూ ఆయన్ను కెప్టెన్ సారు అనేవాళ్లు. (ఆయన ఏ ఓడలో పనిచేశాడో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.) ఆయన నన్ను ఒక కయాక్‌లో కూర్చోబెట్టాడు. ఒక్కరికే చోటుండే సన్నని పడవ అది. రెండు కొసలకూ రెక్కలున్న పొడుగాటి తెడ్డును కాడ మధ్యలో రెండు చేతులతో పట్టుకుని, అటొకసారి ఇటొకసారి వేసుకుంటూ పోవాలి. మొదటిరోజు మూడుసార్లు నీళ్లలో పడ్డాను. నాలుగోసారి పడకుండా కొంత దూరం పోయేసరికి చుట్టూ కొండలు, కింద నీళ్లు, చెవుల్లో గాలి తప్ప ఇంకేమీ లేదు. నా ఇరవై ఏళ్ల జీవితంలో నేను ఆలోచించకుండా ఇష్టపడిన మొదటి వస్తువు ఆ పడవే. అంగట్లోంచి తప్పించుకోగలిగిన ప్రతిరోజూ అక్కడే ఉండేవాణ్ణి.

ఏడాది తిరిగేసరికి, కొత్తవాళ్లకు నేర్పించడానికి ఒక మనిషిని ఉద్యోగంలోకి తీసుకుంటానన్నాడు కెప్టెన్ సారు. ఆ ఉద్యోగం కావలసినవాళ్లం ఇద్దరం తేలాం. నేనూ, పలమనేరు నుంచి వచ్చే ఒక కండలవీరుడూ. అతను నాకంటే పెద్దవాడు కాబట్టి అందరికీ పలమనేరన్న. ఒడ్డునుంచి దూరంగా తేలే ఎర్ర డబ్బా దాకా పోయి, దాన్ని చుట్టి, ముందు ఎవరు తిరిగొస్తే వాళ్లకే ఉద్యోగం. ఇంట్లో చెప్పాను. నాయన సంకటి ముద్ద పిసుకుతూ, "గెలిస్తే నీళ్ల మీదికే పో. ఓడిపోయినావంటే మరుసటి దినం నుంచి గల్లా దగ్గర కూర్చోవాల. మళ్లా పడవ మాట ఎత్తగూడదు" అన్నాడు. సరేనన్నాను. అంతకు మించి దారీ లేదు.

ఇక్కడే నా గొప్ప గుణం నన్ను పట్టుకుంది. కేంద్రంలో ఉన్న తెడ్లన్నీ తిన్నని కాడవే. తేలిక, చెయ్యి ఎక్కడికి కావాలంటే అక్కడికి జరుపుకోవచ్చు. కానీ అంగట్లో గోనెల్లో పాత్రలు సర్ది, తాడు బిగించి బిగించి నా కుడి మణికట్టు ఎప్పుడో దెబ్బతింది. తిన్నని కాడతో కాసేపు వేసేసరికి సూదులతో పొడిచినట్టు ఉండేది. చెన్నైలో ఉన్న స్నేహితుడొకడు ఈ సంగతి విని, తాను వాడి వదిలేసిన తెడ్డొకటి పంపాడు. దాని అల్యూమినియం కాడ చేతులు పట్టుకునే రెండు చోట్లా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో చెయ్యి పెడితే మణికట్టు మెలితిరగదు, నొప్పి రాదు. అయితే చెయ్యి అక్కడే ఉండాలి, జరపడానికి వీల్లేదు. పైగా కాస్త బరువు. ఇక చూడండి నా అవస్థ. వంపుదాంతో వేస్తే కుడి చెయ్యి హాయిగా ఉండేది, ఎడమ చెయ్యి కట్టేసినట్టు గింజుకునేది. తిన్నదాంతో వేస్తే ఎడమ చెయ్యి స్వేచ్ఛగా ఉండేది, కుడి చెయ్యి ఏడ్చేది. పొద్దున ఒకటి నిర్ణయించుకుని సాయంత్రానికి మార్చుకునేవాణ్ణి. ఆఖరికి కెప్టెన్ సారు నన్ను చూస్తేనే టోపీ కిందికి లాక్కుని అటు తిరిగి నడవడం మొదలుపెట్టాడు.

పోటీకి ముందురోజు సాయంత్రం వంపు తెడ్డుతో నేరుగా అంగడికి వచ్చాను. ఆ తెడ్డు మధ్యలో ఊడదీస్తే రెండు ముక్కలవుతుంది. రెండింటినీ గోనెలో చుట్టి, అప్పుడే లారీలోంచి దించిన సరుకు పక్కన పెట్టాను. తిరుచానూరులో ఒక లాడ్జికి బకెట్లు ఇచ్చి రమ్మన్నాడు నాయన. పోయాను. అక్కడ గుడి దగ్గర రద్దీలో కొంత, దారిలో మల్లెపూల బండ్ల మధ్య కొంత ఆలస్యమై తిరిగొచ్చేసరికి వెనక గదిలోంచి టకటక వినిపిస్తోంది. మామూలే కదా అనుకున్నాను. లోపలికి తొంగి చూద్దును కదా, నాయన ఒళ్లో నా తెడ్డు.

సగం ముక్కే ఉంది ఒళ్లో. రెండో సగం గోడకు ఆనించి ఉంది, తన వంతు కోసం ఎదురుచూస్తూ. నాయన ఎడమవైపు కాడ బోలులో ఇసుక కూరి, దీపం మంట మీద మెల్లగా కాచి, కొయ్య సుత్తితో తట్టి తట్టి, ఉన్న వంపంతా తీసేశాడు. బట్టతో తుడిచి మెరుపు కూడా పెట్టాడు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. నన్ను చూసి, ఆ ముక్కను కంటికి ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూపించాడు.

"రేయ్, నిన్ను ఎవురో బాగా మోసం చేసినారప్పా. వంగిపోయిన కాడ అంటగట్టినారు. రేపు అంతమంది ముందర దీన్ని పట్టుకోని పోతావా? సూడు, ఎట్ల తిన్నగా వచ్చినాదో. అర్ధ అంగుళం పొడుగు గూడా కలిసొచ్చినాది."

అది అలాగే ఉండాలని, మణికట్టు నొప్పి రాకుండా కావాలనే వంచి చేస్తారని చెప్పాను. నాయన ముఖంలో వెలుగు ఒక్కసారిగా దిగిపోయింది. సుత్తి కింద పెట్టి, తప్పు చేసిన పిల్లాడిలా గోడకున్న రెండో ముక్కను నా వైపు జరిపి, "దాన్ని ముట్టలేదులే" అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. అప్పటిదాకా నా బుర్రకు తట్టని సంగతొకటి ఆ గదిలో తట్టింది. నేను ఓడిపోతే లాభం నాయనకే. కొడుకు గల్లా దగ్గరికి వస్తాడు. అయినా ఆ మనిషి చెమటలు కక్కుతూ నా తెడ్డు సరిచేస్తూ కూర్చున్నాడు. ఏమీ పరవాలేదని, రేపు కేంద్రంలో తిన్నని తెడ్డు తీసుకుంటానని చెప్పి, రెండు ముక్కలనూ గోనెలో చుట్టేశాను.

మరునాడు పొద్దున రిజర్వాయరు ఒడ్డున నిలబడి కేంద్రం తెడ్లలో ఏది మేలని ఒక్కోటీ ఎత్తి చూస్తున్నాను. (రంగు తప్ప వాటిలో తేడా లేదు. అయినా చూస్తున్నాను.) అంతలో గట్టు మీద తెల్ల చొక్కా, తెల్ల పంచె కనిపించాయి. నాయన. మా అంగడి పగటిపూట మూయడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. తాళాల గుత్తి చేతిలో పట్టుకుని, గుడికి వచ్చినట్టు చెప్పులు పక్కన విడిచి నిలబడ్డాడు. నేను ఇక ఆలోచించలేదు. గోనె విప్పాను. ఒక సగం తిన్నగా, ఒక సగం వంపుగా ఉన్న ఆ తెడ్డును టక్కున బిగించి పడవలో కూర్చున్నాను. పలమనేరన్న నా చేతిలోది చూసి, "ఏమప్పా, అది తెడ్డా, లారీ కింద పడిన కావిడిబద్దా?" అన్నాడు. ఒడ్డునున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, వేరే దారి లేక.

ఈల మోగింది. పలమనేరన్న చేతుల బలం ముందు నేనెంత, మొదటే రెండు పడవల దూరం ముందుకు పోయాడు. నేను వేస్తూ ఉన్నాను. కాసేపటికి ఏదో తేడా తెలిసింది. కుడి మణికట్టు నొప్పి లేదు, వంపులో చెయ్యి అమ్మ ఒడిలో ఉన్నంత హాయిగా ఉంది. ఎడమ చెయ్యి తిన్నని కాడ మీద తనకు నచ్చిన చోటికి జరుగుతోంది. ఏడవడానికి ఏ చేతికీ కారణం దొరకలేదు. ఎర్ర డబ్బా దగ్గరికి వచ్చేసరికి కొండ మీదినుంచి గాలి దిగింది. పలమనేరన్న పడవ తిరగక పక్కకు కొట్టుకుపోయి, ఆయన దాన్ని లాక్కుంటున్నాడు. నేను ఎడమ చేతిని కాడ చివరిదాకా జరిపి, కుడి చేతిని మధ్యలోకి తెచ్చి, కుడి రెక్కను దూరంగా చాచి ఒక్క పెద్ద ఊపు ఊపాను. పడవ డబ్బా చుట్టూ తిరిగిపోయింది. చేతిని వెనక్కి తెస్తే, చూడకుండానే వంపు దానంతటదే అరచేతికి దొరికింది. ఆ క్షణాన నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ అరచేతిలోనే ఉంది.

తిరుగుదారిలో పలమనేరన్న నా పక్కకు వచ్చాడు, దాటాడు, మళ్లీ వెనకబడ్డాడు. ఒడ్డు దగ్గరపడేకొద్దీ ఆయన మణికట్లు విదిలించుకోవడం చూశాను. నావి విదిలించుకోవలసిన అవసరం లేదు. పడవ ముక్కు తేడాతో నేనే ముందు ఇసుక తాకాను. గట్టు మీద నాయన తాళాల గుత్తిని పైకెత్తి గలగలలాడించాడు. అరవడం ఆయనకు చేతకాదు మరి.

కెప్టెన్ సారు నా చేతిలోంచి తెడ్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కొత్త రకమా, ఏ కంపెనీదని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి నాయన గొంతు వినిపించింది.

"మా అంగట్లోదే సార్. ఈడుండేటివి గూడా పంపిచ్చండి, ఒక పక్క సరిచేసిస్తా."

కెప్టెన్ సారు మొదటిసారి టోపీ తీసి నవ్వాడు. (టోపీ కింద ఏముందో అప్పుడు తెలిసింది. ఏమీ లేదు.) పలమనేరన్న వచ్చి నా చేతులు రెండూ పట్టుకుని, వచ్చే వారం ఆ తెడ్డు ఒకసారి ఇమ్మన్నాడు. అందరూ వెళ్లాక నాయన నా కుడి మణికట్టు పట్టుకుని, బిందె సొట్ట తడిమినట్టు బొటనవేలితో తడిమి చూసి, "గల్లా దగ్గర నేనే కూర్చుంటాలే, నాకింకా ఓపిక ఉండాది" అన్నాడు.

ఇది జరిగి కొన్నేళ్లయింది. ఇప్పుడూ ఆ నీళ్ల మీదే ఉన్నాను, కొత్తవాళ్లకు నేర్పిస్తున్నాను. వంపుదా, తిన్నదా అని తేల్చుకోలేక తలగోక్కునేవాళ్లు నెలకొకరైనా వస్తారు. వాళ్లను తొందరపెట్టను. మొన్న ఇంటికి పోతే అమ్మ పొయ్యి దగ్గర సంకటి కెలుకుతోంది. కెలికే కట్టె చూస్తే చేతికి పట్టే చోట వంపు తిరిగి ఉంది. మణికట్టు నొప్పిగా ఉందని అమ్మ ఎప్పుడో అన్నదట, నాయన ఒక వంపు కొమ్మ వెతికి తెచ్చి చెక్కాడట. "మీ నాయనకు ముసలితనంలో వంకర బుద్ధులు పుట్టినాయి" అంది అమ్మ, కట్టెను మాత్రం వదలకుండా. వంకరగా ఉన్నదేదీ గడప దాటనివ్వని మనిషి, పక్కన కూర్చుని ఆ వంపు వైపు ఒక కన్ను మూసి చూసుకుంటున్నాడు. ఆ పూట నాకు చెప్పుల అంగట్లో రెండు కాళ్లకు రెండు రకాలు తొడుక్కుని అటూ ఇటూ నడిచిన ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం, వాడికి అప్పుడే ఎవరైనా చెప్పి ఉండాల్సింది, ఆ రెండూ అలాగే వేసుకుని ఇంటికి పొమ్మని.