దుప్పటి మడతల్లో రైస్ కుక్కర్

మాది గుంటూరు దగ్గర మిర్చి పండించే ఊరు. రెండేళ్ల క్రితం మా ఆయన, నేను, అత్తయ్య చెన్నై నుంచి మూడు రోజుల ఓడ ప్రయాణానికి వెళ్లాం. ఏళ్ల తరబడి కల్లాల్లో మిరపకాయలు ఏరి ఏరి అత్తయ్యకు ఆయాసం పట్టుకుంది. ఇన్‌హేలర్ దగ్గర లేకపోతే కుదరదు.

“అమ్మాయ్, నా ఇన్‌హేలర్ చేతిసంచీలో పెట్టావా?” అని రేవులో అడిగారు.

“పెట్టానత్తయ్యా” అన్నాను. నిజానికి అది సూట్‌కేసులో ఉంది. చేతిసంచీ నిండా ఫొటోల కోసం నేను తెచ్చుకున్న పట్టుచీరలు.

సూట్‌కేసులు రేవులోనే తీసుకుని, తర్వాత గదికి చేరుస్తారు. మాది చేరలేదు. ఓడలోకి తేకూడదని తెలిసీ రైస్ కుక్కర్‌ను దుప్పటి మడతల్లో దాచాను. అది స్కానింగులో దొరికి పెట్టె ఆగిపోయింది.

ఓడ కదిలాక డెక్ మీద చలిగాలికి అత్తయ్యకు ఊపిరి అందలేదు. పెదవులు నల్లబడ్డాయి. మా ఆయన ఆవిణ్ని ఎత్తుకుని ఓడలో డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. మాస్కు పెట్టి మందు పట్టించాక తేరుకున్నారు.

“ఇన్‌హేలర్ ఏదే?” అంటూ మా ఆయన నావైపు తిరిగారు.

అత్తయ్య మాస్కు పక్కకు లాగి, “దాన్నేమనకురా. నేనే పెట్టెలో పెట్టి మర్చిపోయా” అన్నారు.

నేను తల వంచుకుని ఆవిడ మాస్కు సరిచేశాను. మా ఆయన ఇప్పటికీ ఆ మాటే నమ్ముతున్నారు.

మొదటిసారి ఓడ ఎక్కేవాళ్లు మందులు చేతిసంచీలోనే ఉంచుకోండి. అత్తయ్యకు చూపు ఆనదు. మీ పత్రికలో పాఠకుల అనుభవాలు వేసే ఈ పేజీ వారం వారం ఆవిడకు నేనే చదివి వినిపిస్తాను. మా ఆయన కూడా పక్కనే కూర్చుని వింటారు. ఇది అచ్చయితే, ఆ వారం కూడా నేనే చదవాలి.