పెరట్లో రైలు పడిపోయిన ఆదివారం

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఇది. ఇన్నేళ్లూ దీన్ని మోస్తూనే వంట చేశాను, పెళ్లిళ్లకి వెళ్లాను, నలుగురిలో కూర్చుని నవ్వాను. ఎంత బరువైనా అలవాటైపోతుందేమో. నాకు అలవాటైంది. తేలిక మాత్రం కాలేదు.

మాది ప్రత్తిపాడు. మా ఆయనకి బజారులో లేత్ షాపు ఉండేది. మందు కొట్టే పంపు పాడైనా, ఆయిల్ ఇంజను మొరాయించినా రైతులు ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేసేవారు. మా ఊరికి రైలు లేదు. ఆయనకేమో రైలంటే ప్రాణం. చిన్నప్పుడు నరసరావుపేటలో అమ్మమ్మగారింటికి వెళ్తే, మీటర్ గేజ్ బండి కోసం పొద్దస్తమానం స్టేషన్లోనే కూర్చునేవారట. తొంభైల చివరికి వచ్చేసరికి ఆ చిన్న పట్టాలూ పోయాయి, బొగ్గు ఇంజన్లూ పోయాయి. ఒకరోజు అన్నం తింటూ, మన పెరట్లో వేద్దాం అన్నారు. ఏం వేస్తారు, బెండ విత్తనాలా అన్నాను. రైలు అన్నారు.

నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇనప బద్దలు కోసి పట్టాలు చేశారు. వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలు వాటి కింద దిమ్మలయ్యాయి. జామచెట్టు చుట్టూ తిరిగి, బోరు వెనకగా వెళ్లి, నీళ్ల కాలవ మీద చిన్న వంతెన దాటి మళ్లీ వంటింటి గుమ్మం దాకా వచ్చేది లైను. ఇంజను ఇత్తడిది. లోపల రాగి బాయిలరు, దాని కింద స్పిరిట్ దీపం. నీళ్లు మరిగితే నిజం బండిలాగే ఆవిరి కక్కుతూ కదిలేది. షాపు కట్టేసి వచ్చాక రోజూ కాసింత పని చేస్తూ, ఆ ఒక్క ఇంజనుకే ఏళ్లు పట్టించారు.

పట్టాల చుట్టూ ఉన్న బొమ్మల ఊరంతా నాది. మొదట ఊరికే సాయం పట్టాను. తరవాత ఆయన కంటే నాకే పిచ్చి ఎక్కువైంది. వేపపుల్లలతో చెట్లు చేశాను. పాత గోనెసంచి ముక్కల్లో మన పత్తే కుక్కి బేళ్లు కుట్టి ప్లాట్‌ఫారం మీద పేర్చాను. మిరప కల్లానికి మొదట కారం చల్లితే వానకి కొట్టుకుపోయింది. ఆనక ఇటికపొడి గమ్ముతో అంటించాను. మట్టితో మనుషుల్ని చేసి కాల్చి రంగులేశాను. టీ అమ్మేవాడు, మూటమీద కూర్చుని ఆవులించే ముసలామె, ఆలస్యమైందని మెడ సాచి చూసే పంచెకట్టు ఆసామి. వాళ్లు బోగీ తలుపు కంటే పొడుగున్నారని ఆయన అందర్నీ మళ్లీ చేయించారు. నిజం రైలు ఎలా ఉంటుందో అలాగే ఉండాలి ఆయనకి. తిట్టుకుంటూనే చేశాను. తడిమట్టి వాసన, స్పిరిట్ వాసన, సన్నటి కూత. పిల్లలు హాస్టల్లో ఉన్న ఆ రోజుల్లో, సాయంత్రాలు ఇద్దరం పక్కపక్కన మోకాళ్ల మీద కూర్చుని పని చేసుకునేవాళ్లం. మా కాపురంలో అంతకంటే మంచి రోజులు నాకు గుర్తులేవు.

ఆ రోజుల్ని పాడుచేసింది నేనే.

గుంటూరు నుంచి ఒక లెక్చరరు గారు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. బండి తిరిగింది. చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి వంగి, ఈ మనుషుల్ని, చెట్లని ఎవరు చేశారండీ అనడిగింది. ఆయన ఇంజను తుడుచుకుంటూ, అంతా మన చేతి పనేనమ్మా అన్నారు. నేను మజ్జిగ గ్లాసుల పళ్లెంతో అక్కడే నిలబడి ఉన్నాను. ఒక్కరూ నా వైపు చూడలేదు. గ్లాసులు మాత్రం తీసుకున్నారు.

అంతే జరిగింది. వినడానికి ఎంత చిన్నదో చూడండి. కానీ వారమంతా అది నాలో ఉడికింది. ఆయనకి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? అడిగి పేరు చెప్పించుకోవడం నామోషీ అనిపించింది. అడక్కుండా తనకే తెలియాలి అనిపించింది.

వచ్చే ఆదివారం మళ్లీ జనం వస్తారన్నారు. ఆ ఆదివారం పొద్దున మొక్కలకి నీళ్లు పోస్తూ, ఆయన చిన్న స్పానరు తీసుకుని, వంతెన చివర పట్టాలు కలిపే బోల్టు వదులు చేశాను. బండి పట్టా దిగి ఆగిపోతుంది, నలుగురిలో ఆయన మొహం కాస్త చిన్నబోతుంది, అంతే అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా? ఏమో. ఇప్పటికీ నాకు తెలియదు.

జనం చూస్తుండగానే ఇంజను వంతెన మీదికి వచ్చి పక్కకి ఒరిగింది. కాలవలో నేను అందంగా పేర్చిన రాళ్ల మీద పడింది. బాయిలరు చీలింది. చక్రాల ఇరుసు వంకరపోయింది. ఆయన వచ్చినవాళ్లని మర్యాదగా గేటు దాకా సాగనంపి వచ్చి, వంతెన దగ్గర కూర్చుని ఆ బోల్టుని వేలితో కదిపి చూశారు.

"నిన్న బిగించాననే అనుకున్నానే," అన్నారు. "బిగించలేదు. చేతికి తెలియలేదు."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా.

"ఈమధ్య మీ చెయ్యి కొంచెం వణుకుతోంది లెండి," అన్నాను.

ఆయన కుడిచెయ్యి చాపి చాలాసేపు చూసుకున్నారు.

"నువ్వు చూశావా?"

"చూశాను."

ఆ చెయ్యి వణకలేదు. ఏనాడూ వణకలేదు. బోల్టు వదులు చేసింది కోపంలో. ఈ అబద్ధం చల్లగా, ఆయన కళ్లలోకి చూస్తూ ఆడాను. నన్ను ఎక్కువగా తినేసేది ఇదే.

ఇంజను బాగుచెయ్యమని బతిమాలాను. ఇక మన వల్ల కాదు అన్నారు. సున్నితమైన పని షాపుకి వస్తే వేరేవాళ్ల దగ్గరికి పంపడం మొదలుపెట్టారు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవారు. కొన్నాళ్లకి లేత్ మిషను చిలకలూరిపేట వాళ్లకి ఇచ్చేశారు. పెరట్లో పట్టాల మీదుగా గరిక అల్లుకుంది. ఆయన సాయంత్రాలు అరుగు మీద కూర్చుని దారిన పోయే బస్సులు చూసేవారు. నేను పక్కనే ఉండి చిక్కుళ్లు ఒలిచేదాన్ని. ఒక్క మాట. ఒక్క మాటతో ఆయన చేతుల్ని ఆయనకి తిరిగి ఇచ్చేసి ఉండొచ్చు. రేపు చెబుదాం అనుకునేదాన్ని. ఆ రేపుల్లోనే ఆయన గుండెనొప్పితో పోయారు.

పోయాక ఒక ఆలోచన పట్టుకుంది. అంతా మన చేతి పనే అన్నారు కదా. మావైపు మగాళ్లు మన షాపు, మన బండి అంటే నాది అనే అర్థం. నేనూ అలాగే తీసుకున్నాను. కానీ ఆ మన అన్నమాటలో నేను కూడా ఉన్నానేమో? ఇద్దరిదీ అనే అన్నారేమో? అడగడానికి ఆయన లేరు. ఆయన ఉన్నప్పుడు నేను అడగలేదు.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. క్షమించడానికి, నేను వణుకుతోందన్న ఆ చెయ్యి మీది కాదు. పిల్లలకి చెబుతానో లేదో కూడా తెలియదు. కానీ ఇంతవరకూ ఈ లోకంలో ఆయన చెయ్యి ఏనాడూ వణకలేదని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఇప్పుడు మీకూ తెలుసు.