బస్సులో విన్న ఫర్నేసు హోరు

ఎనభైల మొదట్లో ఒక మధ్యాహ్నం మా ఉక్కు ప్లాంటు కాలనీ సెక్టర్ 4 నుంచి దుర్గ్ వెళ్ళే బస్సు ఎక్కాను. ప్లాంటు గోడ రాగానే నా పక్క సీటులోని అపరిచితుడు కిటికీలోంచి మైకు బయటపెట్టాడు. అతని ఒళ్ళో టేపురికార్డరు తిరుగుతోంది. వెనక నిలబడ్డ కార్మికుడొకడు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి భయ్యా, ఏటి రికార్డు చేస్తన్నావు? గూఢచారివేటి?"

బస్సు ఆగింది. గేటు దగ్గరి గార్డును పిలవమని ఎవరో అరిచారు.

"సినిమా కోసమండీ. అందులో పాటలుండవు, ఈ హోరే సంగీతం," అన్నాడతను. ఎవరూ నమ్మలేదు. అతను టేపు వెనక్కి తిప్పి హెడ్‌ఫోను నా చేతికిచ్చాడు. "పొద్దున్న గోడ పక్కన కూచుని పట్టిందమ్మా. మీరు వినండి."

విన్నాను. ఫర్నేసుల హోరు ఎక్కడా తెరపి లేకుండా, గుండెల మీద బరువు పెట్టినట్టు సాగింది. నిమిషం కూడా భరించలేకపోయాను.

"మన ప్లాంటు చప్పుడే తమ్ముడూ. వదిలేయ్," అన్నాను కార్మికుడితో. అతను చెయ్యి వదిలాడు.

ఆ సినిమా వచ్చిందో లేదో తెలీదు. మా ఆయన అప్పటికి పదేళ్ళుగా ఆ ఫర్నేసు దగ్గరే పనిచేస్తున్నారు. ఇంట్లో ఏం మాట్లాడినా అరిచేవారు. కోపం అనుకుని నేనూ అరిచేదాన్ని.

ఆ సాయంత్రం ఆయన వెనక నిలబడి, మామూలు గొంతుతో "ఏమండీ" అని పిలిచాను. ఆయన తిరిగి చూడలేదు.