పేరు గడి

ఎనభైల మొదట్లో చిట్యాల దగ్గరి ఒక చిన్న దవాఖానలో నేను నర్సును. నా కింద నాలుగు ఊళ్లు, ఒక పెద్ద రిజిస్టరు. పుట్టినవాళ్లను, పోయినవాళ్లను అందులో రాసేదాన్ని. నెలాఖరున లెక్క తీసి పై ఆఫీసుకు పంపితే, ఆ కాగితాలు బీరువాలో చెదలకు పనికొచ్చేవి.

కొత్తగా వచ్చిన డాక్టరు మాత్రం రిజిస్టర్లన్నీ ముందేసుకున్నాడు. పుట్టే బిడ్డకు ధనుర్వాతం రాకుండా గర్భిణులకు వేసే సూదిమందు అన్ని ఊళ్లకూ చాలదు. పసిపిల్లలు ఎక్కువగా పోతున్న ఊళ్లకే ముందు పంపాలని ఆయన పట్టు. గోడకు కాగితం అంటించి, పోయిన పసిపిల్లల లెక్కను బట్టి ఊరికో గీత గీశాడు. నా ఊళ్లలో ఒకదానికి గీతే లేదు.

"ఇక్కడ ఒక్క పసికందూ పోలేదా? బాగా చూసుకుంటున్నావమ్మా," అన్నాడు.

మెచ్చుకుంటే ఎవరికి చేదు? మురిసిపోయాను. మందు వేరే ఊళ్లకు వెళ్లింది.

రెండు నెలలకు గీత లేని ఆ ఊళ్లోనే, సూది పడని తల్లికి పుట్టిన బిడ్డ వారానికి దవడలు బిగుసుకుని పోయాడు. నేను వెళ్లేసరికే పూడ్చి వచ్చారు. రిజిస్టరు తెరిస్తే, కాన్పు చేసిన మంత్రసాని నా చెయ్యి పట్టుకుంది.

"ఏమని రాస్తవు బిడ్డా? ఇరవై ఒక్క దినం కాలే, తొట్టెల్ల ఎయ్యలే, పేరు పెట్టలే. గసొంటోళ్లను ఎన్నడన్న రాసినవా?"

నిజమే. రిజిస్టరులో మొదటి గడి పేరుది. పేరు లేని బిడ్డను పుట్టినట్టూ రాయలేదు, పోయినట్టూ రాయలేదు. మా వైపు నర్సులందరం అంతే.

"గిట్ల ఎంతమంది పోయిండ్రు అవ్వా, ఈ రెండు మూడేండ్లల్ల?"

ఆమె ఒక్కొక్క తల్లినే తలుచుకుంటూ వేళ్లు మడిచింది. రెండో చెయ్యి కూడా అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు, ఏమీ అనిపించలేదు. పేరు గడిలో తల్లుల పేర్లు వేసి అందరినీ రాశాను.

డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండేది. స్కేలు తెచ్చి ఆ ఊరికి గీత గీశాడు. అన్నిటికంటే అదే పొడుగు. ఆ వారమే మందు వచ్చింది.

మందు వచ్చిన సాయంత్రం రిజిస్టరు మూయబోయి ఆగాను. పెళ్లైన రెండో ఏట నర్సింహులపేటలో, మా తల్లిగారింట్లో, నాకొక పాప పుట్టి తొమ్మిదో రోజున పోయింది. అక్కడి నర్సు కూడా రాయలేదు. పేరు గడిలో నా పేరు రాద్దామని పెన్ను పెట్టాను.

అది వేరే ఊరు. ఇక్కడ రాస్తే ఈ ఊరి లెక్క తప్పవుతుంది. పెన్నుకు మూత పెట్టి, రిజిస్టరు బీరువాలో పెట్టాను.